మొరసునాటి అనపకాయ, బెంగుళూరి అవరెమేళ

ఉత్తర పినాకిని, చిత్రావతి, పాపఘ్ని అను మూడేరులు నందికొండల చుట్టుపట్ల పుట్టి, ఉత్తరముగను తూర్పుగను పారి తెలుగుదేశము ప్రవేశించును. హిందూపురమునకు పినాకినియు, పుట్టపర్తికి చిత్రావతియు, కడప సీమకు పాపఘ్నియు నీరు గొనిపోవునది ఈ కొండలనుండియే. కాని ఈ నేలలో పండిన పంట ఆ నీటి వెంబడి పోదు. చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి తాలూకాలలో పండినది చాలవరకు ఎదురుదిక్కునకు, బెంగుళూరి సంతకు సాగును. నీరొక వైపునకును గింజ యొక వైపునకును పోవు ఈ సీమలో పల్లెవాని యింటి మాట తెలుగు. కచ్చేరి మాట కన్నడము. తిండి మాత్రము ఈ రెంటిలో ఏ యొక్క దాని హద్దునకును లోబడినది కాదు. ఆ తిండిలోని ఒక గింజ, రాగిచేని సాళ్ళలో పుట్టి నగరపు ఉత్సవమునకు చేరిన తీరు ఈ వ్యాసమునకు విషయము.

ఈ మూడు తాలూకాలు మైసూరు సంస్థానపు కోలారు జిల్లాలోనివి. 2007లో కోలారు జిల్లా చీలినప్పుడు చిక్కబళ్ళాపుర జిల్లాలో చేరినవి. పాత కోలారు జిల్లాలో తెలుగు మాటాడువారే అధికసంఖ్యాకులని జనగణనలు తెలిపినవి. అయినను 1955లో నివేదిక సమర్పించిన రాష్ట్రముల పునర్విభజన సంఘము ఆ జిల్లా కన్నడ రాష్ట్రముననే యుండుట యుక్తమని తేల్చెను. 1956 నవంబరు 1న ఆ ఏర్పాటే స్థిరపడెను. బెంగుళూరితో ఆ జిల్లాకుగల రాకపోకలను, వర్తకమును చూచినవారికి ఆ నిర్ణయము వింతగా తోచదు. జనులు ఏ భాష మాటాడుదురను ప్రశ్నకంటె వారి పంట ఏ సంతకు పోవుననునది బలమైన సంగతి. సరిహద్దు గీయబడిన తరువాత, బాగేపల్లి వాని వంటకు బంధువైన మదనపల్లె వంటయు కదిరి వంటయు వేరొక రాష్ట్రపు లెక్కలోనికి పోయినవి.

ఇందు ముఖ్యముగ చెప్పబోవునది అనపకాయను గూర్చి. తెలుగున అనుము, అనప అనియు, కన్నడమున అవరె అనియు, అరవమున అవరై, మొచ్చై అనియు పిలువబడు గింజ యిది. పందిరిమీద పాకి, తొక్కతో సహా కూరకు పనికివచ్చు చిక్కుడును, చేలలో పెరిగి గింజకొరకే పండింపబడు అనపయు వృక్షశాస్త్రజ్ఞుల లెక్కలో ఒకే జాతి. ఇల్లాండ్రు మాత్రము ఈ రెంటిని ఎన్నడును ఒకటిగా ఎంచలేదు. చిక్కుడు పెరటిది, అనప పొలముది. చిక్కుడుకు తొక్క ప్రధానము. అనపకు గింజయు, అంతకుమించి వాసనయు ప్రధానము. మంచు కురియు దినములలో కాయ తొక్కపై నూనెవంటి జిగురు ఊరును. కన్నడమున దీనినే సొగడు అందురు. కాయ కొనువాడు మొదట దానిని ముక్కువద్దకు తెచ్చుకొనును. చేతికి జిగురు అంటనిచో బేరమాడడు. కొన్ని విశేష కొవ్వు ఆమ్లములే ఈ పరిమళమునకు కారణమని రసాయనశాస్త్రజ్ఞులు కనుగొన్నారు.

ఈ గింజ అడవిరూపము తూర్పు ఆఫ్రికా ప్రాంతమున కానవచ్చును. రాగి పుట్టుకయు ఆ వైపుననే యని పండితుల అభిప్రాయము. అయినను దక్షిణాపథమునకు అనప రాక చాల పురాతనము. బళ్ళారి వద్దనున్న సంగనకల్లు మున్నగు నవీన శిలాయుగపు నెలవులలో దొరకిన మాడిన గింజలను పరీక్షించినవారు, ఉలవలు, పెసలు, చిరుధాన్యముల వెంబడి క్రీస్తుపూర్వము రెండవ సహస్రాబ్దిలోనే అనుములును ఉండెనని నిర్ణయించినారు. అనగా శాసనములకును, రాజ్యములకును, నేటి భాషల హద్దులకును ఎంతో ముందు ఈ ఎఱ్ఱనేల జనులు ఈ గింజను నమలినారు.

బెంగుళూరి పేరునకును ఈ గింజకును ముడిపెట్టిన కథ ఒకటి లోకప్రసిద్ధము. హొయ్సల రాజు వీరబల్లాళుడు (రెండవ బల్లాళుడు, 1173–1220) వేటలో దారితప్పి ఒక ముసలిదాని గుడిసె చేరగా, ఆమె ఉడికిన కాయధాన్యము పెట్టెననియు, ‘బెంద కాళూరు’ అను పేరు క్రమముగ బెంగుళూరు ఆయెననియు చెప్పుదురు. చరిత్ర ఈ కథను అంగీకరింపదు. బేగూరి నాగనాథేశ్వరాలయమునందలి సుమారు క్రీ.శ. 890 నాటి వీరగల్లు శాసనములో బెంగుళూరను పేరు అప్పుడే కానవచ్చుచున్నది. రాజు పుట్టుటకు రెండు శతాబ్దములకు మించి పూర్వమే ఊరికి పేరున్నది. అయినను కథ అల్లినవారు రాజునకు బియ్యపుటన్నము పెట్టింపక ఉడికిన గింజలు పెట్టించుట గమనింపదగినది. ఈ పీఠభూమిలో బీదయింట ఏ వేళకైనను దొరకు తిండి ఏదో వారికి తెలియును.

ఈ సీమకు పూర్వము మొరసునాడని పేరు. కాంచీపుర ప్రాంతమునుండి వలసవచ్చి ఆవతియందు నిలిచిన రణభైరేగౌడుని వంశీయులు దేవనహళ్ళి, దొడ్డబళ్ళాపురము, చిక్కబళ్ళాపురములను కట్టిరని ఐతిహ్యము. ఈ మొరసు ఒక్కలిగులలో తెలుగు మాటాడు కుటుంబములు మెండు. బెంగుళూరు కట్టించిన కెంపెగౌడ రచనగా చెప్పబడు ‘గంగాగౌరీవిలాసము’ తెలుగు యక్షగానము. చింతామణి తాలూకా కైవారమున గాజులమ్మి జీవించి పిమ్మట యోగియై వెలసిన నారాయణప్ప, జనులు కైవార తాతయ్య యని కొలుచునతడు, తెలుగునను కన్నడమునను పాడెను. బి. లూయీ రైస్ 1905లో ప్రకటించిన కోలారు జిల్లా శాసనసంపుటమునందు కన్నడ, తమిళ శాసనముల నడుమ తెలుగు శాసనములును చోటు చేసికొన్నవి. చింతామణికి ఆ పేరు చింతామణిరావను మరాఠా నాయకునివలన వచ్చినది; ఆ యూరు వడ్డీ వ్యాపారమునకును, వెండిబంగారముల వర్తకమునకును పేరొందెను. ఆ యూరి చింతపండు సంత నేడు ప్రసిద్ధమైనందున పేరునకు అదియే మూలమని భ్రమపడువారును లేకపోలేదు.

శ్రీరంగపట్టణము 1799లో పడిపోయిన పిమ్మట, వెల్లస్లీ ప్రభువు ఆజ్ఞపై ఫ్రాన్సిస్ బుకానన్ అను వైద్యుడు మైసూరు దేశమెల్ల తిరిగి సేద్యమును, వర్తకమును పరిశీలించెను. అతడు 1800లో కోలారునుండి చిక్కబళ్ళాపురము మీదుగ సీరావైపు ప్రయాణించెను. గ్రంథము 1807లో లండనునందు మూడు సంపుటములుగ వెలువడెను. అందు రాగి సేద్యమును గూర్చి వ్రాయుచు, రాగితోడ అవరె, కంది, వెఱ్ఱినువ్వు సాళ్ళు పడునని అతడు తెలిపినాడు. ఈ ఒక్క పరిశీలన ఈ సీమ వంటకంతకును తాళపుచెవి వంటిది.

ఆ పద్ధతి యిట్టిది. ఆషాఢ శ్రావణములలో వాన పదునైనప్పుడు గొఱ్ఱుతో రాగి విత్తుదురు. కొన్ని రాగిసాళ్ళకొక సాలు వదలి దానిలో అనపయో కందియో వేయుదురు. దీనినే అక్కడిసాలు అందురు. రాగి త్వరగ ఎదుగును. అనప నెమ్మదిగ దాని నీడన కాలము గడుపును. కార్తీక మార్గశిరములలో రాగి కోతకు వచ్చి నేల ఖాళీ కాగానే, అంతవరకు అణగియున్న అనపతీగ ఒక్కమారు విజృంభించి ఆ చోటెల్ల ఆక్రమించును. ఇక వాన అక్కరలేదు. నేలలో మిగిలిన తేమయు, రేయి కురియు మంచును దానికి చాలును. పగటివేళ కుఱుచయైనప్పుడే పూయు స్వభావము దానిది. కావున పుష్యమాసమునకు ముందు కాయ రాదు. మాఘము దాటిన పిదప నిలువదు. రాగి పోయినచోట అనప, అనప వేళ్ళు నేలకిచ్చిన సత్తువతో మరుసటియేట రాగి. ఈ విధముగ ఒకే చేను ముద్దను, ముద్దలోనికి కూరను కూడ ఇచ్చెను. ముద్దకు పులుసు, పులుసుకు ముద్ద యను జోడి వంటయింట పుట్టినది కాదు, చేనిలోనే జతపడినది.

రాగికి మరియొక గుణము కలదు. పాతరలో పోసి పైన మన్ను కప్పినచో ఏండ్లు నిలుచును. వర్షాధారపు దేశమునకు పాతర యనగా బొక్కసము. అయినను 1876–78 నాటి ధాతకరువు ఆ పాతరలను కూడ ఊడ్చివేసెను. 1871 జనగణనలో 50 లక్షలు దాటియుండిన మైసూరు సంస్థానపు జనసంఖ్య 1881 నాటికి 42 లక్షల లోపునకు దిగెను. కోలారు జిల్లా ఆ నష్టమును మిక్కిలిగ అనుభవించినది. ముసలివారు రాగిముద్దను విడువరాదని, పాతర అడుగు కనరాదని పిల్లలకు చెప్పుటలో ఆ భయము తరతరములు నిలిచినది. బెంగుళూరి సంపన్నుడు నేడు ఆరోగ్యమునకని తిను ముద్ద, వారికి బ్రతికి బయటపడిన గుర్తు.

ఇక వంట సంగతి. సంక్రాంతినాడు ఈ తాలూకాలలో పొంగలితో పాటు ప్రతియింటను అనపకాయ, వేరుసెనగకాయ, గెనుసుగడ్డ ఉప్పువేసి ఉడికింతురు. పశువులకు పూజ చేయు వేళకు పళ్ళెమున ఇవి యుండవలెను. లేత గింజ ఉడికించి తాలింపు పెట్టినచో గుగ్గిళ్ళు. ఆకుకూరతో కలిపి ఉడికించి, ఆ కట్టును వార్చి పులుసుగ కాచి, మిగిలిన గింజను ఆకును వేఱుగ తాలింపు వేసినచో బస్సారు; ఒక్క కుండలోనే పులుసును కూరయు వచ్చు ఉపాయమిది. వానలు పడినపుడు చేలగట్లపై దొరకు గురుగాకు, చెంచలాకులకును ఇదియే విధానము. ఉలవకట్టు, ఊరుబిండి, ఉప్పుసారు అనునవి తక్కిన మాసములలో ముద్దకు తోడు. ఈ వంటలలో నూనె స్వల్పము, బియ్యము స్వల్పము. పులుపునకు చింతపండు, ఘాటునకు మిరపయు వెల్లుల్లియు చాలును.

వీనికన్నింటికిని మకుటము పితికిపప్పు. ముదిరీ ముదరని గింజలను ఒలిచి రాత్రి నీళ్ళలో నానవేయుదురు. తెల్లవారి ఒక్కొక్క గింజను బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ నొక్కినచో తొక్క చేతిలో నిలిచి, పసిరిరంగు పప్పు ఎగిరి గిన్నెలో పడును. శేరుపప్పు పితుకుటకు ఇద్దరు ఆడవారికి ఒక పూట పట్టును. కావున ఇది ఒక్కతె చేయు పని కాలేదు. ఇరుగుపొరుగువారు చాపపరచి కూర్చుండి మాటలతో పాటు పితుకుదురు. కొబ్బరి, అల్లము, వెల్లుల్లి, కొత్తిమీర, పచ్చిమిరప నూరి వేసి కాచిన ఆ పులుసు ముద్దలోనికే కాక దోసెకును, పూరీకిని పొత్తగును. ఎండిన పప్పును నూనెలో వేచి కరివేపాకు, కారము చల్లినచో నెలదినములు నిలుచును. పట్టణమున చదువుకొను పిల్లలకు సంచిలో కట్టి పంపుట కనువైనది ఇదియే.

పితికిపప్పు అను మాట చరిత్రకు పనికివచ్చును. తెలుగున పితుకుట యనగా నొక్కి పిండుట. ఆవును పితుకుటయు ఇదియే ధాతువు. కన్నడమున దీనిని హితుకిద బేళె, హిదుకిద బేళె అందురు. ప్రాచీన కన్నడపు పదాది పకారము మధ్యయుగమున హకారమైనది. తెలుగు పాలు అక్కడ హాలు, పులి అక్కడ హులి. అదే రీతిని పితుకు హితుకు ఆయెను. కృష్ణగిరి, వేలూరు వైపు అరవమువారు పిదుక్కు పరుప్పు అందురు. ఒకే పని, ఒకే ధాతువు, మూడు నాళ్ళపై మూడు పలుకుబళ్ళు. ఈ పప్పు మాదనియో మీదనియో వాదించువారు ఈ మూడు మాటలను వరుసగ పలికి చూచుకొనుట మేలు. మొరసునాటి తెలుగువాడు కన్నడమునుండి దీనిని ఎరువు తెచ్చుకొనలేదు. కన్నడిగుడు తెలుగునుండి తీసికొనలేదు. ఇరువురును ఆ చేనికే ఋణపడినవారు.

ఈ గింజ నగరమున ఉత్సవమైన కథ ఇటీవలిది. అంతకు పూర్వమే బెంగుళూరిలో పంటకు సంబంధించిన జాతర యొకటి కలదు. కార్తీకమాసపు కడపటి సోమవారమున బసవనగుడిలో జరుగు కడలెకాయ పరిష అది. తొలి వేరుసెనగను బసవనికి సమర్పించుటకు రైతులు వత్తురు. కెంపెగౌడ కాలమున ఎద్దొకటి చేలుమేయగా ఈ ఆచారము పుట్టెనని చెప్పుదురు కాని, వేరుసెనగ దక్షిణ అమెరికానుండి వచ్చిన పంట యగుటను బట్టి ఆ కథలోని ఎద్దు తొలుత మరేదో పంటను మేసియుండవలెను. ఏమైనను ఆ పరిషలో చింతామణి, శ్రీనివాసపురము, కోలారు, మాగడి రైతులును, సరిహద్దు దాటివచ్చిన ఆంధ్ర రైతులును తామే గోనెలు విప్పి, తామే కొలిచి అమ్ముట వాడుక. కొనువానికి పండించినవాని ముఖము కనబడును. బేరము తెలుగుననో కన్నడముననో సాగును.

అవరెమేళ ఇట్టిది కాదు. ఇది రైతు పెట్టినది కాదు. వంటవారును, తినుబండారముల వర్తకులును పెట్టినది. ఇరువదియొకటవ శతాబ్దపు తొలినాళ్ళలో విశ్వేశ్వరపురపు సజ్జనరావు కూడలి వద్ద, పేరులోనే వాసవీదేవిని నిలుపుకొనిన వాసవి కాండిమెంట్స్ అను తినుబండారముల అంగడివారు దీనిని ఆరంభించి, యేటేట సంక్రాంతి దినములలో సాగించిరి. ఆ పేట పేరు సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్యను తలపించునది. 1912నుండి 1918 వరకు మైసూరు దివానుగ నుండిన ఆయన పుట్టినది చిక్కబళ్ళాపురము చెంతనున్న ముద్దేనహళ్ళిలో, ఇంటిమాట తెలుగు, పూర్వులు ఆంధ్రదేశపు మోక్షగుండమువారు. వాసవీ ఆలయపు వీథియు అచ్చటనే కలదు. పెనుగొండ కన్యకాపరమేశ్వరిని కొలుచు వైశ్యులు చింతామణి వంటి ఊళ్ళలో వర్తకము సాగించుచు బెంగుళూరు పేటలకు విస్తరించిన చరిత్ర ఎరిగినవారికి, అనపగింజ ఆ వీథికే చేరుట కాకతాళీయముగ తోచదు.

మేళలో అవరెబేళె దోసె, ఇడ్లీ, వడ, ఉప్పిట్టు, ముద్దతో పులుసు మాత్రమే కాదు, దానితో చేసిన హోళిగె, జిలేబీ, జామూనులును వడ్డింపబడినవి. వేచిన పప్పు రకరకముల కారములతో సంచులకెక్కినది. పితికిన పప్పు తూకమునకు అమ్ముడుపోయినది. ఇంట చాపపరచి పితుకు తీరికలేని పట్టణపు ఇల్లాలికి అది వరమైనది. పితుకుట అంతతో ఇరుగుపొరుగు ముచ్చటకాక కూలిపనియైనది. కాలమున ఎందరో స్త్రీలకు ఆ కూలి దొరకినది. ఇది చిన్న సంగతి కాదు. బీదయింటి గింజ యని పెండ్లివిందులలో తలయెత్తని పప్పు, ఈ వంటవారి నేర్పువలన నగరపు ఆదరమును సంపాదించెను. జిలేబీలో అనపపప్పు వేయుట అవసరమా యని ముక్కున వ్రేలువేసికొన్న ముసలివారుండవచ్చును. కాని ఆ జిలేబీ చూడవచ్చిన పడుచువారు బస్సారును రుచిచూచి పోయినారు.

జనసమ్మర్దము పేట వీథులకు మించిపోగా, 2023లో మేళ బసవనగుడి నేషనల్ కళాశాల మైదానమునకు తరలినది. ఆ కళాశాలకు ప్రాణమువంటివాడు డాక్టర్ హెచ్. నరసింహయ్య. గౌరిబిదనూరు తాలూకా హొసూరునుండి బాల్యమున కాలినడకన బెంగుళూరు చేరి, అచ్చట చదివి, అచ్చటనే ఆచార్యుడై, 1972నుండి 1977 వరకు బెంగుళూరు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడుగ పనిచేసిన ఆయన, బాగేపల్లిలో నేషనల్ కళాశాల స్థాపింపబడుటకు కారకుడు. ఆయన నడచివచ్చిన దిక్కుననుండియే అనపమూటలు లారీలపై ఆ మైదానమునకు చేరుట చూచినచో, ఈ సీమకును ఆ నగరమునకును గల సంబంధము ఎంతటిదో స్ఫురించును.

మేళకు కాయలన్నియు ఈ మూడు తాలూకాలవే యనుట అసత్యము. మాగడి కాయకు ప్రసిద్ధి హెచ్చు. కోలారు, దొడ్డబళ్ళాపురముల సరకును కలదు. అయినను తూర్పు తాలూకాల సరకు వచ్చినంతమాత్రమున దాని ఊరి పేరు రాలేదు. పలకలమీద అవరెబేళె యని యున్నది. అనప యని లేదు. కన్నడ నాట కన్నడపు పేరుండుట న్యాయమే. చిక్కు మరియొకచోట కలదు. బెంగుళూరిలో తెలుగు వంట కావలెననువాడు ‘ఆంధ్ర భోజనము’ అను పలకను వెదకికొని పోవును. అచ్చట అరిటాకులో గోంగూర, పప్పు, నెయ్యి, గుంటూరు కారము, తెల్లని అన్నము దొరకును. అది కోస్తా వారి భోజనము, మేలైనదే. కాని బాగేపల్లి తెలుగువాని ముద్దయు, పితికిపప్పును అచ్చట లేవు. తెలుగు వంటను గూర్చి వ్రాసినవారు కృష్ణా గోదావరుల నడుమనుండి బయలుదేరి కర్నూలు, కడపల వరకు వత్తురు. సరిహద్దు చూచి ఆగుదురు. కన్నడ వంటను గూర్చి వ్రాసినవారు మైసూరు, ఉడిపి, ధారవాడములను వర్ణింతురు. నడుమనున్న ఈ వంటను ఇరువురును పొరుగువానిదని తలచి వదలినారు.

పేరు పోవుట ఈ నేలకు క్రొత్త కాదు. చిక్కబళ్ళాపుర పరిసరములలో విరివిగ పండు నీలిద్రాక్షయు, ఎగుమతికి పేరొందిన గులాబిరంగు చిఱుఉల్లియు భౌగోళిక సూచికలో నమోదైనవి. రెంటికిని ముందున్న మాట బెంగుళూరు. పండించు ఊరికంటె కొను ఊరి పేరే నిలుచుట వర్తకపు ధర్మము. మొరసునాటి అనపకు ఆ మాత్రపు నమోదును తెలిసినంతలో కానరాదు.

పేరుకంటె గొప్ప నష్టము విత్తునందు జరుగుచున్నది. గిరాకి సంక్రాంతితో ఆగక ఏడాది పొడుగునను పెరిగినది. పగటి నిడివితో పనిలేక, ఏ ఋతువుననైనను పూచి కాయు పొట్టి రకములను బెంగుళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు రూపొందించిరి. హెబ్బాళ అవరె అను పేరుగలవి అట్టివి. రైతునకు వీనివలన మేలు కలిగినది. వేసవిని కూడ కాయ దొరకును. పంట అంతయు ఒక్కసారి చేతికి వచ్చును. నీరున్నచో ఏటికి రెండు మూడు కాపులు తీయవచ్చును. కాని వీనికి పాత అనపకున్నంతటి జిగురును, పరిమళమును లేవని కొనువారును పండించువారును కూడ ఒప్పుకొందురు. పైగా ఇవి ఒంటరిగ పండునవి. రాగిసాలు నడుమ ఓపికతో వేచియుండు తీగలు కావు. అక్కడిసాలు అక్కరలేక పోయినది.

చేలును మారినవి. గొట్టపుబావులు వేయి అడుగులు దాటి దిగినవి. చింతామణి వైపు టమాట, మల్బరి, పూలతోటలు రాగిని మెట్టగడ్డలకు నెట్టినవి. ఇరువదవ శతాబ్దపు చివరి దశకములలో నీలగిరి తోపులు మెట్టచేలనెన్నింటినో మ్రింగినవి. భూగర్భజలము తరుగుచున్నదని 2017లో కర్ణాటక ప్రభుత్వము నీలగిరి నాటుటను నిషేధించెను. 2018నుండి మొదట కోలారు జిల్లాకును, పిమ్మట చిక్కబళ్ళాపుర జిల్లాకును బెంగుళూరి వాడుకనీటిని శుద్ధిచేసి గొట్టముల మూలమున చెరువులకు తెచ్చుచున్నారు. నగరము గింజను పుచ్చుకొని వాడిన నీటిని తిరిగి పంపుచున్నది. ఆ నీరు పంటకు తగునా యను వాదము ఇంకను తెగలేదు. చెరువు నిండుట చూచి సంతోషించిన పల్లెలును కలవు.

ఇదే కాలమున రాగికి మహర్దశ పట్టినది. 2018 జనవరిలో బెంగుళూరి అరమనె మైదానమున కర్ణాటక ప్రభుత్వము సేంద్రియ పంటలకును చిరుధాన్యములకును అంతర్జాతీయ వాణిజ్యమేళ నడపెను. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్య సంవత్సరముగ ప్రకటింపగా ఆ యేటి జనవరిలోను అట్టి మేళ జరిగినది. వర్తకులు, ఉత్పత్తిదారులు, పెద్దహోటళ్ళ వంటవారు ఒక్కచోట చేరి రాగితో రొట్టెలు, బిస్కత్తులు, సేమ్యాలు, మిఠాయిలు చేసి చూపినారు. శ్రమ సఫలమైనది; రాగి పిండి క్రొత్త పేటలకు పోయినది. కాని ఈ రెండు ఉత్సవములను ప్రక్కప్రక్కన నుంచి చూచువానికి ఒక విషయము తోచకమానదు. ఒక మైదానమున రాగి, మరియొక మైదానమున అనప. ఒక దానిలో ముద్దకు కీర్తి, వేరొక దానిలో పులుసుకు కీర్తి. తోడుపంటల సాళ్ళతో విత్తబడునని బుకానన్ వ్రాసిన పంట ఇచ్చట ఒంటరిగ నిలిచినది. వంటవారు ఆ రెంటిని పళ్ళెములో కలిపినారు, నిజమే. చేనిలో కలిపి విత్తువానికి అందువలన ఒక్క రూపాయి హెచ్చుగ దొరకు ఏర్పాటు ఆ మేళలలో దేనియందును లేదు. సొగడుగల పాతవిత్తు కాయకును, ఏడాదిపొడుగు కాయు రకపు కాయకును సంతలో వేర్వేరు రాశులు పోసి, ఊరి పేరుతో, వేర్వేరు ధర కట్టుట మొదలైనచో ఆ ఏర్పాటునకు దారి దొరకును. తమకు కావలసిన పరిమళము ఎచ్చటనుండి వచ్చునో పితికిపప్పు వండువారికంటె బాగుగ ఎరిగినవారు లేరు.

బాగేపల్లికి ఉత్తరమున గుట్టల నడిమి పల్లెలలోను, చింతామణి తాలూకా మెట్టలలోను అక్కడిసాలు విడువని రైతులు ఇప్పటికిని కలరు. వారు మాఘమాసమున చేనంతయు తిరిగి, జిగురు హెచ్చుగ పట్టిన తీగలను గుర్తుపెట్టుకొందురు. వానినుండి కాయ కోయరు. తీగమీదనే ఎండనిచ్చి, గింజ ఒలిచి, ఎఱ్ఱమట్టినీరు పట్టించి, నీడన ఆర్చి కుండలో పోసి మూతికి బూడిద కప్పుదురు. ఆషాఢమున తొలివాన పడువరకు ఆ కుండ కదలదు.